అర అంగుళం తేడా

టైలరమ్మకి అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. దారపు రీలు కొంటే దుకాణంలోనే నొక్కి చూస్తుంది, లోపల అట్ట లావుగా పెట్టి మోసం చేశారేమోనని. బొత్తాల పొట్లం విప్పి లెక్కపెట్టుకోనిదే గుమ్మం దిగదు. ఎవరైనా ఊరికే బాగున్నావా అని పలకరిస్తే, ఈయనకి నాతో ఏం పని పడిందబ్బా అని ఆ పూటంతా తలపోస్తుంది. ఇలాంటి మనిషి లోకంలో ఒక్కరినే కళ్ళు మూసుకుని నమ్మింది, తన అన్నయ్యని. ఆ నమ్మకానికి కూడా ఆ పాత వ్యాను వచ్చాక చెద పట్టింది.

వ్యాను ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. ఆమె కుట్టుపని చేసుకునే గది వీధి మలుపులో ఒక పాత మేడ కింద ఉండేది. ఆ మేడ పడగొట్టి కొత్తది కడతాం, ఖాళీ చెయ్యమని ఓనరు కబురు పెట్టాడు. చుట్టుపక్కల ఇంకో గది చూద్దామని వెళ్తే, అద్దె విని గుమ్మంలోంచే వెనక్కి తిరిగొచ్చింది. మొగుడు పోయిన నాటి నుంచి ఆ కుట్టుమిషనే ఆమెకి అన్నం పెట్టింది. ఎవరి ముందూ చెయ్యి చాచనివ్వలేదు. ఇప్పుడు దాన్ని పెట్టుకోవడానికి నాలుగు గోడలు కరువయ్యాయి.

అప్పుడు అన్నయ్య అన్నాడు, "గది దొరక్కపోతే పోనీ చిట్టీ. చక్రాలున్న గది కొందాం." ఆయన వయసంతా సిటీ బస్సు నడిపిన మనిషి. ఈ మధ్యనే, మోకాళ్ళు అరిగిపోయాయని చెప్పి ఉద్యోగం మానేశాడు. ఆయన బండి నడుపుతాడు, ఆమె వెనక కూర్చుని కుడుతుంది. ఆఫీసుల గేట్ల ముందు, ఆసుపత్రుల దగ్గర, పెద్ద పెద్ద అపార్టుమెంట్ల ముందు ఆపుకుంటే చాలు. జిప్పు పోయినవాళ్ళు, నడుము బిగుతైనవాళ్ళు, అంచు ఊడినవాళ్ళు వాళ్ళే వస్తారు. ఆలోచన బాగానే ఉంది. ఆమె దాచుకున్నదంతా ఊడ్చి ఆ బండి మీద పెట్టింది. బండి కాగితాలు మాత్రం అన్నయ్య పేరు మీద రాయించింది, రవాణా ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయనకైతే అలవాటని. ఆ బండి చెయ్యి జారిందా, ఆమె వీధిన పడ్డట్టే. ఇది ఆమెకి తెలుసు, అన్నయ్యకి తెలుసు, వదినకీ తెలుసు.

కొన్నది బ్రెడ్డు కంపెనీవాళ్ళు వదిలించుకున్న వ్యాను. తలుపు తీస్తే తలుపే చేతికొచ్చింది. నేల తుప్పు పట్టి, కింద రోడ్డు ఎలా ఉందో లోపల కూర్చునే చూసుకోవచ్చు. ఎండ తగిలితే చాలు, ఎప్పటివో బ్రెడ్డు వాసనలన్నీ ఒక్కసారి లేచేవి. చేతిలో మిగిలిన కాసింత డబ్బుతో దీన్ని మనిషిని చెయ్యాలి.

మెకానిక్ షెడ్డులో ఆ పని మొదలైంది. ఈ మెకానిక్‌కి ఒక అలవాటుంది, మాట్లాడేటప్పుడు నోట్లో స్క్రూ పెట్టుకుంటాడు. దాంతో సగం మాటలే అర్థమవుతాయి. ఆ మిగిలిన సగం కావాలనే మింగేస్తున్నాడని టైలరమ్మ అనుమానం. అయినా చేతిలో పని ఉన్నవాడు. మూతపడిన బట్టల కొట్టు బోర్డు రేకు తెచ్చి నేలకి పరిచాడు. దాని మీద అక్షరాలు గీకినా పోలేదు, ఎవరు బండెక్కినా ముందు "భారీ తగ్గింపు" అన్న మాట మీద కాలు పెట్టాల్సిందే. పాత బీరువా తలుపుకి మడత బందులు వేసి, కోత బల్లగా గోడకి బిగించాడు. పని లేనప్పుడు అది గోడకి అతుక్కుని ఉంటుంది. వీధిలో ఎవరో పారేసిన సోఫా చీల్చి అందులోంచి నురుగు దిండ్లు తీసుకున్నారు. నీళ్ళ గొట్టం ఒకటి వంచి, తెర కట్టి, బట్టలు మార్చుకునే మూల తయారు చేశారు. రంగు కొనే స్థోమత లేక, మిగిలిపోయిన మూడు డబ్బాలు కలిపి పూశారు. వచ్చిన రంగు పచ్చ అన్నాడు మెకానిక్, నీలం అంది వదిన. ఏదైతేనేం, తుప్పు కనపడదు అన్నాడు అన్నయ్య. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. టైలరమ్మ కూడా నవ్వింది, నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆమెకి చాలా సంతోషంగా ఉంది.

ఆ సంతోషం సీటు దగ్గర చెడింది.

ఒక మధ్యాహ్నం డ్రైవరు సీటుకి గుడ్డ తొడుగు కుడదామని టేపు పట్టుకుని వెళ్ళింది. బండి కొన్న మర్నాడే ఒకసారి కొలిచిన సీటే. సీటు అంచు నుంచి క్లచ్ దాకా ఎంతో ఆమెకి గుర్తుంది, కొలతలు ఒకసారి వింటే మర్చిపోయే బుర్ర కాదది. ఇప్పుడు టేపు పెడితే బెత్తెడు తక్కువొచ్చింది. మళ్ళీ పెట్టింది. అంతే వచ్చింది. వంగి చూస్తే సీటు కింద కొత్త ఇనుప పట్టీలు, కొత్త బోల్టులు. సీటు ముందుకు జరగడమే కాదు, నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది కూడా. ఇది చాలదన్నట్టు, కాళ్ళతో తొక్కే మూడింటి మీదా ఇనుప దిమ్మలు అతికించి ఉన్నాయి.

"సీటు ముందుకొచ్చిందేంటి?" అని అడిగింది.

మెకానిక్ స్క్రూ నోట్లో పెట్టుకున్నాడు. "వెనక మీ మిషనుకి చోటు కావాలి గదక్కా."

"మరి ఈ దిమ్మలెందుకు?"

"పాతవి అరిగిపోయాయక్కా, కాలు జారుతుంది."

జవాబు రెడీమేడ్ చొక్కాలా తయారుగా ఉంది. ఎవరో ముందే కొలిచి పెట్టిన జవాబు. పక్కకి చూస్తే అన్నయ్య కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు, ఆమె వచ్చిన సంగతే తెలియనట్టు ముందుకే చూస్తున్నాడు. ఆమె ఆయన పక్కనుంచే వచ్చింది. పలకరించలేదు సరిగదా, తల కూడా తిప్పలేదు. తప్పు చేసినవాడు కాకపోతే తోడబుట్టినదాన్ని చూసి మొహం ఎందుకు చాటేస్తాడు?

ఇంటికెళ్ళి ఆమె తన పద్ధతిలో లెక్క కట్టింది. అన్నయ్య ప్యాంట్లన్నీ ఆమె కుట్టినవే. ఆయన కాలి పొడవు ఆమెకి తన పుట్టినరోజు కంటే బాగా గుర్తు. అంత పొడుగు కాళ్ళు పెట్టుకుని ఆ సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకుంటాయి. అంటే ఆ సీటు అన్నయ్య కోసం కుట్టింది కాదు. సీటుని కూడా కుట్టింది అనే అనుకుంటుంది ఆమె, ఏం చేస్తాం. మరి ఎవరి కోసం? తను కుట్టిపెట్టే ఇళ్ళన్నీ, ఆ ఇళ్ళలో కాళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. చూడబోతే అంత పొట్టి కాళ్ళు, అన్నయ్య గడపలోకి రాకపోకలున్న కాళ్ళు ఒక్కరికే ఉన్నాయి.

బొంగరానికి.

బొంగరం వదినకి ఒక్కగానొక్క తమ్ముడు. పొట్టిగా గుండ్రంగా ఉండి, ఒక్కచోట నిలవకుండా తిరుగుతుంటాడని చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. చెయ్యని వ్యాపారం లేదు, ముంచని వ్యాపారం లేదు. వాడు అడిగితే వదిన కాదనలేదు, వదిన అడిగితే అన్నయ్య కాదనలేడు. ఇక దీనికి వేరే సాక్ష్యం ఎందుకు? కానీ టైలరమ్మ ఊహల మీద గుడ్డ కోసే రకం కాదు. కొలత కావాలి.

కొలత నడిచి వచ్చింది. ఆ వారంలోనే బొంగరం ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి గదికి వచ్చాడు. "టైలర్ వదినా, నీ చెయ్యి పడితే గానీ నాకు ఏ ప్యాంటూ ప్యాంటులా ఉండదు" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఈ మధ్య ఏం చేస్తున్నావురా?" అంది ఆమె, టేపు సర్దుకుంటూ.

"ఏదో ఒకటి సెట్టవుతోంది."

"బండి నడపడం వచ్చా నీకు?"

"భలేదానివే. ఎప్పుడో వచ్చు. బావ అడిగితే ఏ బండైనా తీస్తాను."

"బావ అడిగాడా?"

బొంగరం నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. "అబ్బే, ఊరికే అన్నాలే" అన్నాడు. ఊరికే మాట్లాడేవాడు ఊరికే ఫ్యాను చూడడు. ఆమె వాడిని నిలబెట్టి కాలి పొడవు కొలిచింది. సీటు లెక్కకి అర అంగుళం తేడా వచ్చింది. గుడ్డలో కాలంగుళం తేడా వస్తే కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టే మనిషి, ఆ రోజు అర అంగుళాన్ని మాట్లాడకుండా వదిలేసింది. లావు బూటు వేసుకుంటే సరిపోతుందిలే అనుకుంది. అనుమానం పట్టుకున్నాక మనిషి చేసే లెక్కలు ఇలాగే ఉంటాయి.

దీనికి తోడు మందు గొడవొకటి వచ్చిపడింది.

సీటు తొడుగుకి రెండు రకాల గుడ్డలు తీసుకుని, ఏది బాగుందో అడుగుదామని ఆమె అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అడగడం సాకు, వాసన పట్టడం అసలు పని. తలుపు ఓరగా తీసి ఉంది. లోపలి నుంచి వదిన గొంతు వినపడింది.

"మందు వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"అది పొద్దుటిది. ఇప్పటిది?"

"వేసుకుంటానే. రెండు చుక్కలకి ఎందుకంత గోల?"

"రెండు చుక్కలైనా సరే, ఒక్క పూట మానావంటే ఊరుకోను."

టైలరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య చుక్క ముట్టగా ఆమె ఎరగదు. ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొగుడు తాగాడని పెళ్ళాం గొడవపడటం ఆమె వీధి వీధినా వింది గానీ, మానేస్తున్నాడని గొడవపడటం ఎక్కడా వినలేదు. ఒక్క నిమిషంలో ఆమెకి మొత్తం విషయం బోధపడిపోయింది. ఆయన్ని మత్తులో ఉంచి, బండి కాగితాలు తమ్ముడి పేరుకి మార్పించాలని వదిన ఎత్తు.  ఇన్నేళ్ళ వదిన. జ్వరమొస్తే జావ కాచి తెచ్చిన వదిన.

దగ్గి లోపలికి అడుగుపెట్టింది. అన్నయ్య చిన్న సీసా ఒకటి గబుక్కున జేబులో పడేసుకున్నాడు. కళ్ళు ఎర్రగా, తడిగా ఉన్నాయి. వదిన "రా చిట్టీ, టీ పెడతాను" అంది, అవసరం లేనంత ప్రేమగా.

"వద్దు వదినా. ఇదివరకే తాగాను" అంది టైలరమ్మ, ఆ తాగాను అన్న మాట మీద కొంచెం ఒత్తి. ఇద్దరూ ఏమీ పట్టించుకోలేదు.

"ఈ రెండింట్లో ఏ గుడ్డ బాగుంది అన్నయ్యా?" అని రెండు ముక్కలూ చెరో చేత్తో చాచి పట్టుకుంది. ఆయన ముందు ఒకదాని వైపు తల పూర్తిగా తిప్పాడు, తర్వాత రెండోదాని వైపు తిప్పాడు. మత్తులో ఉన్నవాడు తల తిప్పినంత నిదానంగా. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. "నీకు నచ్చిందే వెయ్యి చిట్టీ, రోజూ చూసుకునేదానివి నువ్వు గదా" అన్నాడు.

అడిగేస్తే అయిపోయేది. అన్నయ్యా, ఆ సీటు ఎవరికి అని ఒక్క మాట. కానీ అడిగితే అబద్ధం చెబుతాడు. తనకి ఎన్నడూ అబద్ధం చెప్పని అన్నయ్య చెప్పే మొదటి అబద్ధం తన చెవులతో వినాలంటే ఆమెకి భయం వేసింది. అందుకని ఉచ్చు పన్నింది.

బండి తయారైన రోజు పొద్దున్నే అందరూ షెడ్డు దగ్గరికి వచ్చారు. కుట్టుమిషను లోపల బిగించి ఉంది. తెర కట్టి ఉంది. ఆ పేరులేని రంగు ఎండలో బాగానే మెరుస్తోంది. వదిన ఫ్లాస్కులో టీ తెచ్చింది. బొంగరం కూడా వచ్చాడు, పిలవకపోయినా. పైగా ఆమె దగ్గర పొట్టి చేయించుకున్న ప్యాంటే వేసుకుని వచ్చాడు. అది చూసి టైలరమ్మకి ఒళ్ళు మండింది.

మెకానిక్ తాళం చెవి తీసి, ఎవరికివ్వాలో తెలియక అందరి వైపూ చూశాడు. టైలరమ్మ చప్పున లాక్కుంది.

"మొదటిసారి మా అన్నయ్యే నడపాలి" అంది. "చేయి తిరిగిన డ్రైవరు. ఆయన పక్కన నేను కూర్చుంటాను. మార్కెట్ దాకా వెళ్ళొద్దాం."

 మెకానిక్ నోట్లో స్క్రూ లేకపోయినా నమిలాడు. "ఇంజను ఇంకా కుదురుకోలేదక్కా, నేను తీస్తాలే" అన్నాడు.

"ఎండగా ఉంది, ఆయనకి మోకాళ్ళు కూడా..." అంది వదిన. తర్వాత ఆమె నోటితోనే వచ్చేసింది, టైలరమ్మ ఎదురుచూస్తున్న మాట. "పోనీ మా తమ్ముడు తీస్తాడు. రేపటి నుంచి ఎలాగూ..."

"ఎలాగూ?" అంది టైలరమ్మ.

వదిన నాలుక కరుచుకుంది. బొంగరం ఫ్యాను కోసం వెతికి, షెడ్డులో ఫ్యాను లేక రేకుల కప్పు వైపు చూశాడు.

"ఎలాగూ ఏంటి వదినా? చెప్పు. సీటు కూడా వాడి కొలతకి వేయించారుగా. నాకొక్కదానికే తెలియదు, ఈ షెడ్డులో అందరికీ తెలుసు." తాళం చెవి అన్నయ్య ముందుకు చాచింది. "ఈ బండిలో నా ఒంటి మీది బంగారం దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. ఇది ఎవరిదో ఇప్పుడే తేలాలి. అన్నయ్యా, నీదైతే ఎక్కి నడుపు. కాకపోతే చెప్పెయ్."

అన్నయ్య బండి వైపు అడుగు వేశాడు. వదిన "వద్దు" అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన నెమ్మదిగా ఆ చెయ్యి తీసేసి తాళం చెవి తీసుకున్నాడు.

సీట్లో కూర్చుంటే ఆమె లెక్క కట్టినట్టే అయ్యింది. మోకాళ్ళు రెండూ స్టీరింగుకి ఆనుకున్నాయి. బండి కదిలింది. చేతులు మాత్రం ఎన్నడూ మర్చిపోనట్టే పనిచేస్తున్నాయి, గేరు వేసిన సంగతి కూడా తెలియలేదు. కానీ తల కుదురుగా లేదు. అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, మళ్ళీ అటు. నడక కంటే నిదానంగా పోతున్నా నుదురంతా చెమట. చూశావా, నిండా పట్టించి వచ్చాడు అనుకుంది టైలరమ్మ. అనుకుని, ముక్కు ఎగబీల్చింది. డీజిలు వాసన, కొత్త రంగు వాసన, ఎక్కడో అడుగున బ్రెడ్డు వాసన. మందు వాసన లేదు.

షెడ్డు గేటు దాటి రోడ్డు మీదికి తిరుగుతున్నారు. ఆమె కూర్చున్న వైపు గోడ వారగా ఒక పెద్దాయన చేతిసంచీతో నడిచి వస్తున్నాడు. కొంచెం దూరంలో ఉన్నప్పుడే ఆమె ఆయన్ని చూసింది. అన్నయ్య కూడా చూసే ఉంటాడనుకుంది. బండి ఆగలేదు. పెద్దాయన బండి ఆగుతుందనుకుని ముందుకే అడుగు వేశాడు. బండి ఇంకా ఆగలేదు. అన్నయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నేరుగా ముందుకే చూస్తున్నాయి, మనిషి వస్తున్న వైపు తిరగనేలేదు. ఆమె రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు పట్టుకుని గుంజింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అన్నయ్య. "ఎవరన్నా ఉన్నారా?"

ఉన్నారా అని అడుగుతున్నాడు. మనిషి బండి మూలకి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు, సంచీ గుండెకి అదుముకుని. 

పెద్దాయన తేరుకుని బండి రేకు మీద అరచేత్తో బలంగా కొట్టాడు. "కళ్ళు కనపడటం లేదా?" అని అరిచాడు.

రోడ్డు మీద పొద్దున లేస్తే అందరూ అందరినీ అనే మాటే అది. దానికి జవాబెవరూ చెప్పరు. ఎదురు తిట్టి పోతారు. అన్నయ్య గొంతు వినపడిన వైపుకి తల పూర్తిగా తిప్పి, ఆయన్ని వెతికి పట్టుకుని చూసి, చేతులు స్టీరింగు మీంచి తీసేశాడు.

"కనపడటం లేదు బాబూ" అన్నాడు. "తప్పు నాదే."

 పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బండి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

"అన్నయ్యా" అంది టైలరమ్మ. "నువ్వు వేసుకునే మందు..."

ఆయన జేబులోంచి సీసా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. బొటనవేలంత ప్లాస్టిక్ సీసా. కంట్లో వేసుకునే చుక్కల మందు.

"నీటికాసులట చిట్టీ" అన్నాడు. "లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కలు పోయాయి. గొట్టంలోంచి చూసినట్టుంటుంది. పోయిన చూపు ఏం చేసినా రాదన్నారు. ఈ చుక్కలు వేసుకుంటే మిగిలింది మిగులుతుందట. బస్సు మానేసింది అందుకే. మోకాళ్ళకేం, గుర్రంలా ఉన్నాయి."

"మరి ఈ సీటు?"

"నీకే."

"నాకా?"

"ఇంకెవరికి? ఎవరినో డ్రైవరుగా పెట్టుకుంటే నీ సంపాదన వాడి జీతానికి సరిపోతుంది. నువ్వే నడుపుకుంటే బండి నీ చేతిలో ఉంటుంది. మీ వదిన నీ పాత పైజామా ఒకటి పట్టుకొచ్చింది, దాన్ని బట్టి మెకానిక్ సీటు బిగించాడు. నువ్వు నేర్చుకునేదాకా బొంగరం నడుపుతాడని మాట్లాడాం. ముందే చెబితే నా వల్ల కాదని మొదలెడతావు."

 టైలరమ్మ వీధిలో అందరి కాళ్ళూ కొలిచింది. కొలవనివి గుర్తు చేసుకుని మరీ కొలిచింది. తన కాళ్ళకి టేపు పెట్టుకోవాలని ఒక్కసారైనా తోచలేదు. ఇప్పుడు కొలవక్కర్లేకుండానే తెలుస్తోంది, ఆ అర అంగుళం ఎవరిదో.

"సీటు సంగతి సరే. కళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది చివరికి. కోపంగానే అంది, ఏడుపు ఆపుకోవడానికి ఆమెకి వేరే దారి దొరకలేదు.

"చెబితే ఏం చేసేదానివి? బండి వద్దు గిండి వద్దని అమ్మేసి, నన్ను ఆ ఆసుపత్రికీ ఈ ఆసుపత్రికీ తిప్పేదానివి. రాని చూపు కోసం నీ బతుకు ధారపోసేదానివి. కాదంటావా?"

నిజమే. అదే చేసేది.

"నేను నిన్ను దొంగనుకున్నాను అన్నయ్యా" అంది. "నువ్వూ వదినా కలిసి నా బండి బొంగరానికి రాసిచ్చేస్తున్నారనుకున్నాను. నువ్వు తాగుతున్నావనుకున్నాను. నీ పక్కనుంచే వచ్చినా నన్ను చూడకపోతే, తప్పు చేశావు కాబట్టి మొహం చాటేస్తున్నావనుకున్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"కాలు కొలుస్తూ బండి సంగతి అడిగావని బొంగరమే వచ్చి చెప్పాడు. అప్పుడే అర్థమైంది నీ బుర్ర ఎటు పోతోందో. మీ వదిన చెప్పేద్దామని గొడవ. నేనే వద్దన్నాను." ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. "దొంగనుకున్నన్నాళ్ళూ నువ్వు నా చేతుల వైపే చూశావు చిట్టీ. జేబుల వైపు చూశావు. కళ్ళల్లోకి చూడలేదు. అదే నయమనిపించింది."

ఆ మాటతో ఆమెలో ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా తెగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరూ రాని వీధిలో కాదు, నడిరోడ్డుకి అడ్డంగా ఆగిన బండిలో, వెనక ఎవరో హారను మీద హారను కొడుతుంటే. అన్నయ్య తల పూర్తిగా ఆమె వైపు తిప్పాడు.

"ఇప్పుడు నేను ఎంత కనిపిస్తున్నాను?" అంది, కొంతసేపటికి.

"మొహం కనిపిస్తోంది. ఏడుస్తున్నావు."

"చేతులు?"

"చేతులు కనపడటం లేదు."

ఆమె ఒళ్ళో ఉన్న చేతులు రెండూ ఎత్తి, ఆయన చెంపలు గట్టిగా పట్టుకుంది. చెమటకి తడిసి ఉన్నాయి. తన కోసం, తను చేసిన బెట్టుకి, కనపడని రోడ్డు మీద బండి తీశాడు ఈ మనిషి. వదినా మెకానికూ గేటు దాకా పరిగెత్తుకొచ్చి, దగ్గరికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడిపోయారు.

"ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా ఏదీ దాచకు" అంది.

"సరే. ముందు దిగి ఇటు రా" అన్నాడు అన్నయ్య. "వెనకవాళ్ళు తిడుతున్నారు. క్లచ్ ఏదో చూపిస్తాను."